గోడకు అటువైపు గది

"వదులుకోవడం ఎలా" అనే పాఠాన్ని చివరి నుంచి మొదటికి చెప్పమన్నారు. ఆ పొద్దున మనసు డాక్టరుకు ఒళ్ళు మండింది అందుకే.

అణు విద్యుత్ కేంద్రంలో ఆమె ఉద్యోగానికి పొడుగాటి పేరొకటి ఉంది. కంట్రోల్ రూములో కూర్చునే ఆపరేటర్ల బుద్ధి, చూపు, చెయ్యి ఒకదానితో ఒకటి పొత్తు కుదిరి ఉన్నాయో లేదో పరీక్షించి తేల్చడం ఆమె పని. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక అందరూ మనసు డాక్టరు అనేవారు. కొన్నేళ్ళ కిందట అప్పటి ప్రభుత్వం కేంద్రాన్ని మూసేస్తున్నామని ప్రకటించినప్పుడు ఆపరేటర్లను ఓదార్చే పని ఆమె నెత్తిన పడింది. ఆ పాఠంలో ఉద్యోగం వేరు, మీరు వేరు అని చెప్పింది. కుర్చీ పోతే మనిషి పోడని చెప్పింది. పొద్దున్నే నడవమంది, మొక్కలు పెంచమంది. తెర మీద సూర్యాస్తమయం బొమ్మ వేసినప్పుడు గదిలో ఇద్దరు ముగ్గురు ముక్కు చీదారు.

ఇప్పుడు ప్రభుత్వం మారింది. పరాయివాళ్ళ చమురు, పరాయివాళ్ళ గ్యాసు మీద బతకడమంటే మెడకు మనమే ఉరి బిగించుకోవడమని కొత్తవాళ్ళ వాదన. మూసిన బొగ్గు గనులు తెరుస్తున్నారు, సముద్రంలో బావులు తవ్వుతున్నారు, నిద్రపోతున్న రియాక్టర్లను తట్టి లేపుతున్నారు. బస్టాపుల మీద, పాల ప్యాకెట్ల మీద, చివరికి పిల్లల పెన్సిలు డబ్బాల మీద కూడా ఒకటే మాట: మన నేల, మన ఇంధనం, మన వెలుగు.

"మళ్ళీ తయారుచెయ్యడం ఎందుకు మేడమ్?" అన్నాడు డైరెక్టరు. "అవే బొమ్మలు. వరస తిప్పండి, సరిపోతుంది. సూర్యాస్తమయాన్ని సూర్యోదయం అనండి. చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?"

ఆమెకు విధానం మీద పేచీ లేదు. మన కరెంటు మనం చేసుకుంటామంటే కాదనేదెవరు? మూసేటప్పుడూ నినాదాలున్నాయి, తెరిచేటప్పుడూ ఉన్నాయి. ఆమె విసుగంతా ఒక్కచోటే. ప్రభుత్వం మెడ ఇటు తిప్పితే మనుషుల లోపలి సామానంతా ఇటు, అటు తిప్పితే అటు జరుగుతుందని ఎవరు చెప్పారు వీళ్ళకి? లోపలున్నవి మంచాలూ బీరువాలూ కావు. పైగా వానలు మొదలయ్యేలోపు రియాక్టరు నడవాలి. మంత్రిగారు వచ్చి బటన్ నొక్కాలి. ఆపరేటర్లు లేరు కాబట్టి రిటైరయినవాళ్ళను పిలిపించండి, పరీక్షించండి, కుర్చీల్లో కూర్చోబెట్టండి. పెళ్ళివారు వాకిట్లోకి వచ్చాక పొయ్యి వెతుక్కున్నట్టుంది.

పిలిపించినవాళ్ళలో మొదటివాడు ఆమె మేనమామ.

ఆయన్ను కేంద్రంలో పెద్ద కుర్చీ అనేవారు. ఒకటో యూనిట్ కంట్రోల్ రూములో ప్యానెల్ ఎదురుగా నడిమధ్య కుర్చీ ఆయనది. ఏ మీట తిప్పాలన్నా వేలు చూపించి, దాని పేరు పైకి చెప్పి, ఆ తర్వాతే ముట్టుకోవాలని అక్కడి కట్టుబాటు. అది ఆయనకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో కూడా అలమర వైపు వేలు చూపించి "చక్కెర" అని ప్రకటించి గానీ డబ్బా తీసేవాడు కాదు. "మీ మామయ్య నన్ను కూడా వేలు చూపించి, పేరు పిలిచి, అప్పుడు పలకరిస్తాడే" అనేది అత్తయ్య.

పిలుపు వచ్చిన రోజే ఆయన పాత యూనిఫాం ఇస్త్రీ చేయించుకున్నాడు.

"మామయ్యను నేను పరీక్షించడం బాగుండదండీ. వేరే వాళ్ళను పిలిపించండి" అంది ఆమె డైరెక్టరుతో.

"ఈ కాలనీలో ఎవరికి ఎవరు ఏమీ కారు చెప్పండి? శిక్షణాధికారికి నేను తోడల్లుణ్ణి. క్యాంటీన్ వాడు నాకు వేలువిడిచిన అన్న. చుట్టరికాలు చూసుకుంటే రియాక్టరు ఒంటరిగా నడుచుకోవాలి. మీరే చెయ్యండి."

సరేనంది. అసలు సంగతి ఆ మర్నాడు బయటపడింది.

నడవబోయేది ఒకటో యూనిట్ కాదు, అది బాగుచెయ్యలేనంతగా పాతబడింది. రెండోది నడుస్తుంది. రెండింటికీ మధ్య ఒకటే గోడ. దీపాల వెలుతురు ఎలా ఉందో చూద్దామని ఆమె శిక్షణాధికారితో కలిసి రెండో యూనిట్ కంట్రోల్ రూముకు వెళ్ళింది. తలుపు తీయగానే చీకట్లో లైటు స్విచ్చి కోసం అలవాటుగా కుడివైపు గోడ తడిమింది. లేదు. ఎడమవైపు ఉంది. లైట్లు వెలిగాక గదంతా ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది.

ఒకటో గదిలో చల్లబరిచే నీటి పంపుల మీటలు ఎడమ చేతివైపు, టర్బైను మీటలు కుడివైపు. ఇక్కడ పంపులు కుడివైపు, టర్బైను ఎడమవైపు. గడియారం, ఫోను, ఫైళ్ళ బల్ల కూడా అంతే. ఒక గదిని అద్దంలో చూస్తే ఎలా ఉంటుందో అలా కట్టారు రెండో గదిని.

"పైపులన్నీ మధ్య గోడలోంచి వస్తాయి కదండీ. అటువైపు ఎడమైతే ఇటువైపు కుడే అవుతుంది. ఖర్చు కలిసొస్తుందని అప్పట్లో అలా కట్టేశారు" అన్నాడు శిక్షణాధికారి, వంటింట్లో గట్టు గురించి చెబుతున్నంత మామూలుగా.

"మరి ఇబ్బంది రాలేదా?"

"ఎందుకొస్తుంది? ఒకటో గది వాళ్ళు ఒకటిలోనే పుట్టి ఒకటిలోనే రిటైరయ్యేవాళ్ళు. రెండోవాళ్ళు రెండులోనే."

"ఆ రెండోవాళ్ళు ఏరి?"

"మూసేశాక చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఇప్పుడు పిలిస్తే వచ్చినవాళ్ళంతా ఒకటో గది వాళ్ళేనండీ."

శిక్షణ కోసం కేంద్రంలో ఒక నమూనా గది ఉంది. అసలు కంట్రోల్ రూము లాంటిదే, వెనక రియాక్టరు ఉండదు, కంప్యూటరు ఉంటుంది. తప్పు చేస్తే ఎర్రదీపం వెలుగుతుంది తప్ప ఏమీ కాదు. దాన్ని ఒకటో యూనిట్‌కు సరిగ్గా నకలుగా కట్టారు. అంటే ఒకటో గదిలో జీవితమంతా గడిపినవాళ్ళను ఒకటో గది నమూనాలో పరీక్షించి, తీసుకెళ్ళి రెండో గదిలో కూర్చోబెడతారన్నమాట.

ఆమె డైరెక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన శాంతంగా విన్నాడు. ఆ శాంతం చూస్తేనే ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"కుడి ఎడమ తెలియనంత పసివాళ్ళా మేడమ్ వీళ్ళు?"

"తెలుసు. తీరిగ్గా ఉన్నప్పుడు ఎవరికైనా తెలుసు. ప్రమాదం గంటలు నాలుగూ ఒక్కసారి మోగినప్పుడు మెదడు ఆలోచించదు, చెయ్యి చేసేస్తుంది. చేతికి రెండో గది తెలియదు."

"తెలియకపోతే? పేలిపోతుందా?"

"పేలదు. తనంతట తానే ఆగిపోయే ఏర్పాట్లున్నాయి."

"హమ్మయ్య. ఇంకేం మరి?"

"అయితే మనుషులెందుకండీ?"

"మనుషులు లేకపోతే మంత్రిగారొచ్చినప్పుడు చప్పట్లు ఎవరు కొడతారు?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నమూనా గదిని తిప్పి కట్టాలంటే వానలు వచ్చి వెలుస్తాయి. మీరు ఆ మాట ఎత్తకండి" అన్నాడు.

ఆమె ఆ మాట ఎత్తలేదు. రెండో గదిలోనే పరీక్ష పెట్టింది. ప్యానెల్‌కు ఇంకా కరెంటు ఇవ్వలేదు. మీటలు తిరుగుతాయి, ఏమీ జరగదు; గంటలూ ఫోనూ మాత్రం వేరే లైను మీద మోగుతాయి. శిక్షణాధికారి ఒక మూల నిలబడి పరిస్థితులు చదివి వినిపించాలి, ఆపరేటరు స్పందించాలి, ఆమె చేతులు చూడాలి.

మామయ్య ఇస్త్రీ మడతలతో వచ్చాడు. ప్యానెల్‌ను పైనుంచి కింది దాకా చూసి, "తిరగేసిన చొక్కాలా ఉందే" అన్నాడు. అంతే, కూర్చున్నాడు. మొదటి భాగమంతా తీరిగ్గా సాగింది. వేలు, పేరు, చెయ్యి. ఒక్క పొరపాటు లేదు. మధ్యలో శిక్షణాధికారి ఉచ్చారణను కూడా మామయ్యే దిద్దాడు. ఆమెకు కాస్త ఊపిరి అందింది.

అప్పుడు ఆమె గంటలు మోగించింది. ఫోను మోగించింది. శిక్షణాధికారి గొంతు పెంచి ఒకదాని మీద ఒకటి చదవడం మొదలుపెట్టాడు. మామయ్య వెన్ను నిటారుగా అయింది. ముఖంలో ఏదో వెలిగింది. రిటైరయినప్పటి నుంచి ఆయన ముఖంలో ఆమె ఆ వెలుగు చూడలేదు.

"నీటి పంపు, రెండు" అన్నాడు స్పష్టంగా. చెయ్యి ఎడమకు వెళ్ళి టర్బైను మీట తిప్పింది. "అయింది" అన్నాడు.

ఆమె గంటలు ఆపలేదు. తనే సరిగ్గా చూడలేదేమో అనుకుంది. మళ్ళీ అదే. నోరు పంపు అంటోంది, చెయ్యి టర్బైను తిప్పుతోంది. ఆయన ముఖంలో మాత్రం పండగ. ఒక మనిషి ఇంత ఆనందంగా తప్పు చేయడం ఆమె ఎన్నడూ చూడలేదు. గంటలు ఆపేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన, నుదురు తుడుచుకుంటూ. "పదును తగ్గిందా మామయ్యకి?"

"మామయ్యా, చెయ్యి ఎడమకి వెళ్ళింది."

"ఎవరి చెయ్యి?"

"నీదే."

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. ఊళ్ళో ఎవరో తన కొడుకు మీద చాడీ చెప్పినట్టు చూశాడు. "నా చెయ్యి ఎప్పుడూ తప్పు పోలేదమ్మాయ్."

"ఒకటో గదిలో పోలేదు."

"ఏమయ్యా, నువ్వు చూశావా?" అని శిక్షణాధికారిని అడిగాడు.

"నేను కాగితం చూసి చదువుతున్నా సార్" అన్నాడు అతను, అప్పుడూ కాగితం వైపే చూస్తూ.

ఆమె ఆ పూటే డైరెక్టరుకు చెప్పేసింది: రెండో గదికి ఈయన ఇప్పుడు పనికిరాడు, నమూనా గదిని తిప్పి కట్టి నెలల తరబడి నేర్పితే తప్ప ఇక్కడివాళ్ళెవరూ పనికిరారు.

సాయంత్రానికి అమ్మ ఫోను.

"మీ మామయ్యను తప్పించావట?"

"అమ్మా, అది ఆఫీసు సంగతి."

"నీకు సైకిలు తొక్కడం నేర్పింది ఎవరే? ఆఫీసా? మోకాలు చెక్కుకుపోతే ఎత్తుకొచ్చింది ఆఫీసా?"

"సైకిలుకీ రియాక్టరుకీ సంబంధం ఏంటమ్మా?"

"నాకు రియాక్టరు తెలీదు. తమ్ముడు తెలుసు. ఆ కుర్చీ లేక వాడు మనిషిలో మనిషి కాడు. మళ్ళీ పిలిచారని ఎంత సంబరపడ్డాడో! నువ్వే కదే అప్పుడు క్లాసులు చెప్పి వాణ్ణి ఇంటికి పంపింది? రెండోసారి కూడా నువ్వేనా?"

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు వంటగది గట్టుకు ఆనుకుని నిలబడింది. అమ్మ మాటలో అన్యాయం ఉంది. కానీ అది ముల్లులా గుచ్చుకున్నది అన్యాయం వల్ల కాదు. మూసినప్పుడు ఆమె చెప్పింది ప్రభుత్వం కోసం. ఇప్పుడు చెప్పింది నిజం. వినేవాళ్ళకు రెండూ ఒకే గొంతులో వినిపించాయి. ఒకసారి అద్దెకిచ్చిన గొంతు కదా, మళ్ళీ సొంతమైందని ఎవరు నమ్ముతారు?

కొన్నాళ్ళకు అత్తయ్య ఏకంగా ఆఫీసుకే వచ్చింది. కుర్చీలో కూలబడి, "నువ్వు రావే, నా వల్ల కాదు" అంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఇల్లంతా తిప్పేశాడు. ఎడమ అలమరలో ఉన్నవన్నీ కుడి అలమరలోకి, కుడివన్నీ ఎడమకి. రోజూ తెల్లారి టీలో ఉప్పే. నేను గిన్నె కోసం చెయ్యి చాస్తే చీపురు వస్తోంది. నిన్న తలుపు గడియ కూడా రెండో వైపుకి మార్చాలని వడ్రంగిని పిలిచాడు. ఆ వడ్రంగి నన్ను పక్కకు పిలిచి, 'అమ్మా, సారుకి ఒంట్లో బాగుందా' అని అడిగాడు. నేనేం చెప్పను?"

వెళ్ళి చూసింది. మామయ్య వంటగదిలో నిలబడి ఉన్నాడు. రెండో గది ప్యానెల్ వరసలో గోడకు మూతలు వేలాడదీసి వాటి మీద సుద్దతో పేర్లు రాశాడు. చెంచాలు మీటలట.

"అడుగు" అన్నాడు ఆమెను చూడగానే. "ఏదైనా అడుగు. కళ్ళు మూసుకుని చేస్తా."

అడిగింది. అన్నీ సరిగ్గా చేశాడు. పసిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెకు జాలి వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. జాలి వేసేలా చేసినందుకు.

"మామయ్యా, పాత గోడ మీద రాతలుంటే వాటి మీద సున్నం వేస్తాం. బాగానే ఉంటుంది. గట్టి వాన పడ్డప్పుడు పాత అక్షరాలు మళ్ళీ పైకొస్తాయి. అలవాటు కూడా అంతే. కొత్తది పాతదాన్ని చెరపదు, కప్పుతుంది. నీది ఎంత పాత గోడో నీకే తెలుసు."

"చదువుకున్న మాటలు చెప్పకు. పరీక్ష మళ్ళీ పెడతావా పెట్టవా?"

"ఆ గదిలోనే పెడతాను. గంటలతోనే పెడతాను."

"అంటే మళ్ళీ పడెయ్యాలనే."

"నేను పడెయ్యట్లేదు మామయ్యా!" గొంతు తనకే వింతగా వినిపించేంత గట్టిగా అరిచింది. గోడ మీది మూత ఒకటి జారి కింద పడి గుండ్రంగా తిరిగింది. అది ఆగేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

ఆమె మళ్ళీ పరీక్ష పెట్టే అవసరం రాలేదు. డైరెక్టరుకు హఠాత్తుగా చుట్టరికం గుర్తొచ్చింది. "మేనమామను మేనకోడలు పరీక్షించడం ధర్మం కాదు మేడమ్. మీరే అన్నారుగా" అన్నాడు. వేరే ఊరి కేంద్రం నుంచి ఒక పరీక్షకుణ్ణి రప్పించాడు. మంచివాడే, మర్యాదస్థుడు. నమూనా గదిలో అందర్నీ వరసగా కూర్చోబెట్టాడు. ఆ గది ఒకటో గదికి నకలు కాబట్టి అందరి చేతులూ పుట్టింటికి వెళ్ళినట్టు వెళ్ళాయి. అందరూ నెగ్గారు. మామయ్యకు అందరికంటే ఎక్కువ మార్కులు.

ఆమె రెండో గదిలో పరీక్ష పెట్టమని ఆ పరీక్షకుణ్ణి బతిమాలింది. "మీ మాట సబబే" అన్నాడు అతను. "కానీ నన్ను పిలిచింది నమూనా గదికి." పై ఆఫీసుకు ఫోను చేసింది. అక్కడివాళ్ళు డైరెక్టరుకు చెప్పమన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదేవాడికి ఊపిరి వ్యాయామం. ఇక్కడ అదీ లేదు.

చివరికి మిగిలింది మామయ్యే. కాలనీ రోడ్డు మీద ఎదురయ్యాడు. చేతిలో కూరల సంచి, నడకలో గెలుపు.

"విన్నావా?"

"విన్నాను. ఒక్క మాట అడుగుతా, కోప్పడకు. నన్ను నమ్మకు, ఆ వచ్చిన పరీక్షకుణ్ణీ నమ్మకు. నువ్వొక్కడివే ఆ గదిలోకి వెళ్ళి నీ చెయ్యిని నువ్వు చూసుకో. ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు కూడా."

"నీకు గెలుపు కావాలి, అంతే. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు" అని వెళ్ళిపోయాడు.

అది నిజమా అని ఆమె ఆ రోజంతా ఆలోచించింది. కొంత నిజమే అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా విసుగొచ్చింది.

రెండు మూడు రోజులు పోయాక, మధ్యాహ్నం భోజనాల వేళ, మామయ్య తలుపు తట్టకుండా ఆమె గదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వెళ్ళాను" అన్నాడు. "కాపలావాణ్ణి వెంట తీసుకెళ్ళాను. గంటలన్నీ మోగించమన్నా. ఫోను మోగించమన్నా. నా చెవి దగ్గర నోటికొచ్చింది అరవమన్నా. మొదట మొహమాటపడ్డాడు. తర్వాత ఎన్నేళ్ళ కసి ఉందో ఏమో, నా మూడు తరాలనీ తిట్టాడు."

ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

"పంపు అన్నాను. నా నోరు నాకు వినబడింది. చెయ్యి ఎటు పోతోందో చూశాను. చూస్తూనే ఉన్నాను అమ్మాయ్. నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆపుదామనుకునేలోపు తిప్పేసింది. వంటింట్లో అంతలా నేర్పానే, ఒక్క ముక్క గుర్తు లేదు దానికి."

"మామయ్యా..."

"ఆగు. నువ్వు చెప్పకపోయుంటే నేను చూసుండేవాణ్ణి కాదు. హాయిగా కూర్చునేవాణ్ణి. ఏమీ జరిగేది కాదేమో కూడా. ఎన్ని రోజులకొకసారి మోగుతాయి గంటలు? నా అదృష్టం బాగుంటే నేనున్నన్నాళ్ళూ మోగేవే కావు. ఇప్పుడు తెలిసిపోయింది. తెలిసి ఎలా కూర్చోను? తెలియజేసి మంచి పని చేశాననుకుంటున్నావేమో. నాకు మటుకు మంచి చెయ్యలేదు."

అక్కణ్ణుంచి సరాసరి డైరెక్టరు గదికి వెళ్ళి, రెండో యూనిట్‌లో తాను కూర్చోనని చెప్పి, ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు డైరెక్టరు ఆమెను పిలిపించాడు. తల పట్టుకుని ఉన్నాడు.

"మీ మామయ్య నా కొంప ముంచాడు. పెద్ద కుర్చీయే కూర్చోనన్నాడని మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఆ గదిలోకి వెళ్ళి కాపలావాణ్ణి అరవమంటున్నారు. వాడి గొంతు పోయింది, సెలవు పెట్టాడు. వచ్చినవాళ్ళలో సగం మంది మాకూ వద్దంటున్నారు. మంత్రిగారికి ఏం చెప్పను?"

"గోడకు అటువైపు గది తిరగబడి ఉందని చెప్పండి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు."

"నేను మొదటి వారమే చెప్పాను."

"మీరు నాకు చెప్పారండీ. నేను ఆయనకు చెప్పలేదు కదా! అదీ నా బాధ." నీరసంగా అన్నాడు: "నమూనా గది తిప్పి కట్టించడానికి రాశాను. వానలు వచ్చి పోనీ. ఏం చేస్తాం."

గెలిచినట్టే. ఆమె తన గదికి వచ్చి, గెలిచిన మనిషికి ఎలా ఉండాలో అలా ఉందేమోనని లోపల వెతుక్కుంది. లేదు. అక్కడ ఇంకేదో ఉంది, దాన్ని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. మామయ్య ఏదో ఒకరోజు వచ్చి "నీ మాటే నిజమైందమ్మా" అంటాడని, తల నిమురుతాడని, ఆమె మొదటి నుంచీ ఎదురుచూస్తోంది. భద్రత, రియాక్టరు, ధర్మం, అన్నీ నిజమే. వాటి వెనకాల దాక్కుని ఒక చిన్నపిల్ల మెప్పు కోసం చెయ్యి చాచి నిలబడి ఉంది. మంత్రి మీద, డైరెక్టరు మీద, అమ్మ మీద పడ్డ విసుగంతా ఒక ఎత్తు. ఆ పిల్ల మీద కలిగిన విసుగు ఒక్కటీ ఒక ఎత్తు.

అయినా సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళింది. అత్తయ్య వంటగదిలో అలమర సామాన్లు కింద పరుచుకుని కూర్చుంది. "ఏది ఎటుండేదో నాకే గుర్తు రావట్లేదు" అని గొణుక్కుంటోంది. మామయ్య వసారాలో కుర్చీలో, వీధి వైపు ముఖం పెట్టి ఉన్నాడు. ఆమె పక్కన నిలబడింది. ఆయన తల తిప్పలేదు.

"మామయ్యా, నమూనా గది కట్టాక కొత్తవాళ్ళకి నేర్పడానికి నువ్వు..."

"కొన్నాళ్ళు ఇటు రాకు" అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"నాకేం తెలుసు? కోపం ఇంకా మొదట్లోనే ఉంది."

వంటగదిలోంచి అత్తయ్య, "ఆయన మాట పట్టించుకోకే, కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా" అని కేకేసింది. ఆమె వద్దంది. ఈ మనిషి ఎదుట కూర్చుని తినడం అంటే, ఆయన అడిగిన ఒకే ఒక్క సంగతి, ఆ కాస్త దూరం, ఇవ్వకపోవడమే. మంచి మాట ఒకటి చెప్పి వెళ్దామని చూసింది. వృత్తిలో నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, మెత్తగా, గుండ్రంగా, ఎక్కడైనా ఇమిడేవి. ఒక్కటీ బయటికి తియ్యలేదు.

"సరే మామయ్యా, రాను" అని మెట్లు దిగింది.

గేటు దాటుతుండగా వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"గడియ సరిగ్గా వెయ్యి. కుక్కలు దూరుతున్నాయి."

వేసింది. ఊపి చూసి మరీ వేసింది.